లక్మే తాగి ఇచ్చిన పన్నెండు సీసాలు

లక్మే చేతి సారాను ఒకడు తనదని చూపించి పెద్ద వర్తకుడయ్యాడు. అది చెప్పకుండా ఆమె గురించి ఏం చెప్పినా సగం దాచినట్టే.

ఆరేళ్ళ కిందటి మాట. రాష్ట్రం సరిహద్దు అవతల, సుక్మా వైపు, ఎర్రబోరులో పెద్ద రోడ్డు దిగి, జొన్నచేల మధ్యనుంచి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వచ్చే ఊళ్ళో, ఆమె గుడిసె ముందు ఒక జీపు ఆగింది. దిగినవాడికి నూలు జుబ్బా, మెడలో కెమెరా, నోట్లో వెన్నలాంటి హిందీ. అడవి సరుకును దేశమంతా చూడాలన్నాడు. లక్మే పరిచిన చాప మీద కూర్చున్నాడు. ఆమె వండిన చింతచిగురు కూరతో జావ తాగాడు. ఆకుదొప్పలో ఆమె పోసిన ఇప్పసారా తాగి కళ్ళు మూసుకుని, ఇంత మంచిది ఎక్కడా తాగలేదన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. చుట్టుపక్కల పది ఊళ్ళలో పెళ్ళికైనా, కొత్త ఇంటికైనా, పోయినవాళ్ళ దినానికైనా లక్మే కాచిన సారా ఉంటేనే పెద్దలు చాప మీదికి వచ్చి కూర్చునేవారు.

పోతూ పోతూ రెండు సీసాలు అడిగి పట్టుకుపోయాడు. పట్నంలో వర్తకుల మేళా ఉందట, అక్కడ నమూనాగా పెడతాడట, ఆర్డరు వస్తే ఆమెకేనట.

ఆర్డరు వచ్చింది. ఏడాది తిరిగేసరికి అద్దాల దుకాణంలో సీసా కూడా వచ్చింది. దాని మీద పూసలదండలు వేసుకున్న ఒక పిల్ల బొమ్మ. ఆ పిల్ల ఎన్నడూ ఇప్పచెట్టు కింద వంగినట్టు లేదు. పక్కన తరతరాల రహస్యం అని హిందీలో రాసి ఉంది. లక్మే కోడలు ఊర్మిల జగదల్‌పూర్‌లో చూసి ఫోనులో ఫొటో తీసుకొచ్చింది. ఊరి ఆడవాళ్ళ సంఘం తరఫున ఎవరో ఫోను చేసి అడిగితే, జుబ్బా ఆయన లక్మే అనే మనిషిని తానెన్నడూ చూడలేదన్నాడు. లక్మే ఆ ఫొటోను చాలాసేపు చూసి, పిల్ల బాగుంది అని మాత్రం అందట.

ఈ కథంతా వికాస్‌కు ఊర్మిల చెప్పింది. చెప్పినప్పుడు అతనికి కోపం వచ్చింది. అతనికి కోపం రాని విషయం అంటూ ఏదీ లేదు గనక అందులో వింతేమీ లేదు.

వికాస్ కిరందుల్‌లో ఇనుప గని కంపెనీ క్వార్టర్లలో పుట్టాడు. తండ్రి హరిబాబు శ్రీకాకుళం నుంచి వచ్చి గనిలో ఫిట్టరుగా చేరి, ముప్పై ఏళ్ళు ఎర్రదుమ్ము మింగి రిటైరయ్యాడు. కొడుకుకు ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు వచ్చింది, కొలువు రాలేదు. చదివిన పుస్తకాలు కడుపు నింపవు, ఊరికే కూర్చోనివ్వవు. అందుకని తేనె, చింతపండు, కరక్కాయ పొట్లాలు సంచిలో వేసుకుని, రాత్రి రైల్లో విశాఖపట్నం దిగి, దుకాణం దుకాణానికీ నమూనాలు చూపించి ఆర్డర్లు తెచ్చే పని మొదలుపెట్టాడు. తెలుగూ హిందీ రెండూ వచ్చినవాడు, విశాఖ వీధులు తెలిసినవాడు కావాలని లక్మే ఊరి సంఘం అతన్ని పిలిపించింది.

సంఘంలో పదకొండుమంది ఆడవాళ్ళు. ఒక పథకం కింద వాళ్ళకు రేకుల షెడ్డు, స్టీలు బట్టీ, సారా కాచి సీసాల్లో అమ్ముకునే లైసెన్సు ఇచ్చారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి మళ్ళీ కనిపించలేదు. ఏడాదిపాటు సీసాలు షెడ్డులోనే నిలబడి ఉన్నాయి. చివరికి ఆఫీసు నుంచి కబురొచ్చింది: ఇప్పపూలు రాలే కాలం లోపల బయటి కొనుగోలుదారు ఆర్డరు ఒక్కటైనా చూపించాలి, లేకపోతే షెడ్డు వేరేవాళ్ళకు అప్పగిస్తారు. సుక్మా నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి, టేపు పట్టి షెడ్డు కొలుచుకు పోయాడు కూడా. లక్మే బట్టీ దగ్గర కూర్చుని ఉండగానే ఆమె వెనక గోడ కొలిచాడు.

విశాఖలో సముద్రం ఒడ్డున ఒక హోటలు ఉంది. అక్కడ కొనుగోళ్ళు చూసే ఇంద్రాణిగారు వికాస్ దగ్గర రెండేళ్ళుగా తేనె కొంటున్నారు. ఆమె సరేనన్నారు, కాని ముందు నమూనాలు చూడాలన్నారు. తేనె సంచిలో వేసుకు పోయినట్టు సారా పట్టుకుపోతే జైలు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సీసా దాటితే చట్టం లెక్కలో అది దిగుమతే. దానికి కాగితం కావాలి. మూడుసార్లు తిరిగితే గాని ఆ కాగితం చేతికి రాలేదు. అందులో రాసి ఉన్నది: పన్నెండు సీసాలు, ఒక్కొక్కటి అరవై మిల్లీలీటర్లు, సీలు వేసినవి, ఆర్డరు కోసం చూపడానికే, అమ్మకానికి కాదు. వికాస్ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల దాచుకున్నాడు.

బుడ్డీలంత సీసాలు చూసి లక్మే నవ్వింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఎన్నో ఆమెకే తెలియదు. సన్నటి మనిషి, చెవుల నిండా కమ్మలు, కుడిచేతి వేళ్ళ మీద ఆవిరికి కాలిన మచ్చలు. తుపాకుల భయానికి ఊళ్ళు ఖాళీ అయిన చెడ్డ సంవత్సరాల్లో మొగుడితో భద్రాచలం వైపు పోయి మిరపకాయలు ఏరింది. మొగుడు అక్కడే జ్వరంతో పోయాడు. తెలుగు అక్కడే వచ్చింది. తిరిగివచ్చి పడిపోయిన గుడిసె నిలబెట్టి, మొదట చేసిన పని కుండ మీద కుండ పెట్టి సారా దించడమేనని ఊర్మిల చెప్పేది.

ఒక్క పెద్ద సీసా ఇస్తే సరిపోదా, ఇన్ని బుడ్డీలెందుకని లక్మే అడిగింది. పన్నెండుమంది వేరువేరుగా తాగి చూస్తారని వికాస్ చెప్పాడు. హోటలు యజమాని, వంటాయన, బారు చూసేవాడు, యజమాని భార్య, అలా ఒక్కొక్కరికీ ఒక్కో సీసా.

"పన్నెండు మంది." లక్మే వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది. "వాళ్ళు ఈడికి రారు, గంతేనా?"

రారన్నాడు. ఆమె తల ఊపి బట్టీ వైపు పోయింది. ఆ రోజు స్టీలు బట్టీ ముట్టలేదు. తన మట్టికుండల్లోనే కాచింది. పై కుండలో నీళ్ళు వేడెక్కినప్పుడల్లా మార్చింది. రెండోసారి మార్చాక దిగినదాంట్లో కొంచెం పొయ్యిలోకి చిలకరిస్తే నీలంగా భగ్గుమంది. వికాస్ ఊళ్ళోకి పోయి అన్నం తిని వచ్చేసరికి అత్తాకోడళ్ళు సీసాలకు మూతలు బిగించి, లక్క కరిగించి సీలు వేసి, గడ్డి పరిచిన పెట్టెలో సర్దేశారు.

కోంటా నుంచి బస్సెక్కాడు. సరిహద్దు చెక్‌పోస్టులో కాగితం చూశారు, పెట్టె సీలు చూశారు, పొమ్మన్నారు. ఒళ్ళో బిడ్డను పెట్టుకున్నట్టు పెట్టెను పెట్టుకుని విశాఖ దాకా కూర్చున్నాడు.

ఇంద్రాణిగారు సీసాలు తీసి కిటికీ పక్క బల్ల మీద వరసగా నిలబెట్టారు. ఎండ వాటిలోంచి పడింది. అప్పుడు చూశాడు వికాస్. ప్రతి సీసా మీదా అరవై దగ్గర చిన్న గీత ఉంది. ఏ సీసాలోనూ సారా ఆ గీత దాకా లేదు. ఒకదాంట్లో వేలెడు తక్కువ, ఒకదాంట్లో అర వేలు. పన్నెండూ పన్నెండు రకాలు.

"ఏం బాబూ, దారిలో దాహం వేసిందా?"

సీలు అలాగే ఉంది కదా మేడమ్ అన్నాడు. ఆమె కోప్పడలేదు, కోప్పడినా నయంగా ఉండేది. సీలు ఉండి లోపల తగ్గిందంటే, వేసే ముందే ఎవరో తాగారన్నమాట అన్నారు. కాగితంలో అరవై అని ఉంది, సీసాలో నలభై ఎనిమిది ఉంది, రేపు తనిఖీలో ఎవరైనా అడిగితే తానేం చెప్పాలి? వాటిని రుచి కూడా చూడలేదు. వికాస్ ముఖం చూసి చివరికి ఇంకొక్కసారి కాగితానికి రాస్తానన్నారు. ఇంకొక్కసారే.

తిరుగు బస్సులో అతను ఒక్కొక్కరినీ దొంగను చేసి చూశాడు. ఊర్మిల మొగుడు. సంఘం పెద్ద. లక్క తెచ్చిన సన్న అనే కుర్రాడు. ఎర్రబోరులో దిగేసరికి అందరూ దొంగలే అయ్యారు. ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి గుడిసె ముందుకు వచ్చేసరికి లక్మే చింతపండు గింజలు కొడుతోంది.

"ఎవరు తాగారు పెద్దమ్మా?"

"ఏంది?"

"సీసాల్లో సారా. మనం పంపినవి. ఎవరో తాగేసి సీలు వేశారు."

"నేనే తాగిన," అంది లక్మే. గింజ కొట్టడం ఆపలేదు. "ఒక్కో సీసాకు ఒక్కో గుక్క. దొప్పల వంపుకోని తాగిన. ఎంగిలి చెయ్యలే."

కూర్చోమని ఆమె చాప చూపించింది. వికాస్ కూర్చోలేదు. ఎందుకు తాగావు అని అడిగాడు. ఆ ప్రశ్నే ఆమెకు అర్థం కాలేదు.

"తాగకుంట ఎట్లిస్తరు బాబూ? నీకు నేను ముందు తాగి ఇయ్యలేదా?"

ఇచ్చింది. వచ్చిన మొదటి రోజున దొప్ప నింపి, రెండు చుక్కలు పోయిన పెద్దల పేరున నేల మీద వదిలి, తను ఒక గుక్క తాగి, అప్పుడు అతని చేతికిచ్చింది. ముసలామెకు ఆశ అనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు ఊర్మిల విడమరిచి చెప్పింది. ఇక్కడ ఎవరికి సారా పోసినా పోసినవాళ్ళు ముందు తాగాలి. ఇందులో విషం లేదు, నా మనసులోనూ లేదు అని చెప్పడం అది. తాగకుండా చేతికిస్తే పగవాడికి ఇచ్చినట్టు. పన్నెండుమందికని అతనే చెప్పాడు గనక, రాలేని ఆ పన్నెండుమంది కోసం పన్నెండుసార్లు తాగి పంపింది.

వికాస్ అప్పుడు కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తగ్గితే తీసుకోరని, షెడ్డు పోతుందని, ఇంకొక్క అవకాశమే ఉందని వివరించాడు. ఈసారికి తాగకుండా పంపమన్నాడు. లక్మే ఒప్పుకోలేదు. కుండలోంచి ఒక్కసారి తాగితే అందరికీ సరిపోదా అన్నాడు.

"కుండ ఎవరి చేతికి ఇస్తున్నం? చేతికిచ్చేది సీసా గదా."

పోనీ తాగి, తగ్గినంత మళ్ళీ నింపమన్నాడు.

"నింపింది తాగంది అయితది. మళ్ళ తాగాలె. మళ్ళ తగ్గుతది." ఆమె అతన్ని జాలిగా చూసింది. "పెద్ద సదువులు సదివినవంట."

షెడ్డు పోతే పోనీ అంటావా అని అడిగాడు, కాస్త గట్టిగానే. షెడ్డు పోవడం ఆమెకు చిన్న విషయం కాదు. మొగుడు పోయాక నెత్తి మీదికి, పదిమందితో కలిసైనా, తన పేరున వచ్చిన మొదటి పైకప్పు అది. రోజూ పొద్దున్నే బట్టీ పని ఉన్నా లేకపోయినా పోయి ఊడ్చి వచ్చేది. కొట్టిన చింతగింజలు చేటలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. వికాస్ లేచి రోడ్డు వైపు నడక మొదలుపెట్టాడు.

వెనకనుంచి ఊర్మిల పిలిచింది. ఆమె చేతిలో ఖాళీ సీసా ఒకటి ఉంది. గీత పైన మెడ దాకా వేలెడు జాగా.

"అన్నా, మనం గీత కాడికే ఎందుకు పోస్తున్నం? మెడ దాకా పోద్దం. అత్త తాగినంక గీత కాడికి దిగుతది."

వికాస్ సీసా వైపు చూశాడు. ఊర్మిల వైపు చూశాడు. తను ఇన్ని పుస్తకాలు ఎందుకు చదివాడో ఆ క్షణంలో అతనికి తెలియలేదు.

"పదో తరగతి సదివిన పిల్లకున్న తెలివి నీకు లేకపాయె," అంది లక్మే చాప మీదనుంచి.

కొత్త కాగితం వచ్చిన మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో పని పెట్టుకున్నారు. ఊర్మిల గరాటుతో మెడ దాకా పోసేది. లక్మే సీసాను రెండు చేతులా పట్టుకుని, దొప్పలోకి సన్నటి ధారగా వంపేది. గీత దగ్గరికి దిగగానే వికాస్ చాలు అనేవాడు. రెండు చుక్కలు నేలకు, మిగిలింది ఆమెకు. మూత, లక్క, సీలు. ప్రతి సీసాకూ ఇది ఎవరికి అని అడిగేది. మొదటిది యజమానికి అన్నాడు. రెండోది వంటాయనకు. వంటాయనకు పిల్లలెందరు అని అడిగింది. ముగ్గురని నోటికొచ్చింది చెప్పాడు. నాలుగో సీసా ఇంద్రాణిగారికి. ఆమె మంచిదేనా? మంచిదే. అయిదోది యజమాని భార్యకు. ఆరో సీసాకు అతని దగ్గర మనుషులు అయిపోయారు, పేర్లు కల్పించి చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి పేరుకూ ఆమె తల ఊపి, ఆ పేరు పలికి, అప్పుడు తాగేది.

ఏడో సీసాకు ఆమె కళ్ళు మెరిశాయి. ఎనిమిదోదానికి తమ దోర్లీ భాషలో ఏదో పాట రెండు ముక్కలు పాడి, మిగతాది మరిచిపోయి, తనలో తనే నవ్వుకుంది. అత్త పడిపోతుందేమోనని ఊర్మిల ఆమె వీపు వెనక గోనెసంచి మడిచి పెట్టింది. తొమ్మిదో సీసా వంపి, దొప్ప నోటి దాకా తెచ్చి ఆగింది.

"గా జీపాయన సారా అమ్ముకున్నడని నాకేం లేదు బాబూ," అంది. "అమ్ముకోని. అడివి నాదా? పువ్వు నేను పూసిన్నా?"

ఊర్మిల చేతిలోని గరాటు కింద పెట్టింది.

"నేను తాగినంక తాగిండు. నా దొప్పల తాగిండు. తాగినోడు, నన్ను సూడనే లేదంటడా?"

ఆరేళ్ళుగా మోసం, దోపిడీ, వాటా అని ఏవేవో పేర్లు పెట్టుకుంటున్నారందరూ. వికాస్ కూడా అవే పెట్టుకున్నాడు. ఆమెకు నొప్పి ఎక్కడ ఉందో ఒక్కరూ అడగలేదు. ఊర్మిల కొంగుతో అత్త ముఖం తుడిచింది. లక్మే తొమ్మిదో గుక్క తాగింది. పదోదానికి పేరు చెప్పమంది. వికాస్‌కు కల్పించిన పేర్లు ఇక నోట రాలేదు. తెలియదు పెద్దమ్మా, ఎవరో అన్నాడు. ఎవరో అయితే ఏమైందిలే అని ఆమె తాగింది.

పన్నెండోదానికి సీలు పడేసరికి ఆమె గోనెసంచి మీద ఒరిగి నిద్రపోయింది. చేతిలో దొప్ప అలాగే ఉంది. ఊర్మిల దాన్ని మెల్లగా తీసి, తలకింద కొంగు సర్దింది.

ఇంద్రాణిగారు మళ్ళీ సీసాలు వరసగా నిలబెట్టారు. ఈసారి పన్నెండింట్లోనూ సారా గీత దగ్గర ఒక్క తాడు కట్టినట్టు నిలిచింది. బాగుందయ్యా, ఎవరికీ దాహం వేయలేదు అన్నారు. వేసిందండీ, పన్నెండుసార్లు వేసింది అన్నాడు వికాస్. చెప్పకూడదనే వచ్చాడు. చెబితే ఆర్డరు పోతుందేమోనన్న భయం ఉంది. కాని జీపు ఆయన కూడా ఇలాగే ఒక మాట మింగేసి పట్నంలో నిలబడి ఉంటాడు కదా అనిపించింది. దొప్ప, నేల మీద చుక్కలు, గీత, గోనెసంచి, అన్నీ చెప్పాడు.

ఆమె మొదట నవ్వారు. తర్వాత నవ్వు మానేసి, ఇందులో నాది ఏది అన్నారు. నాలుగోది అన్నాడు. మిగతా పదకొండింటినీ పరీక్షలకూ యజమానికీ వదిలి, ఆ నాలుగోదాని సీలు తనే విప్పి, గాజు గ్లాసులో పోసుకుని చిన్నగా తాగారు. పొగవాసన ఉందే అన్నారు. కట్టెల పొయ్యి అండీ అన్నాడు. ఇంకోసారి తాగారు. పదిరోజులకు ఆర్డరు కాగితం వచ్చింది. నెలకు రెండు వందల సీసాలు, సీసా మీద ఊరి పేరు, సంఘంలో పదకొండుమంది పేర్లు. సుక్మా కాంట్రాక్టరు తన టేపు వేరేచోటికి తీసుకుపోయాడు.

ఇదంతా అయి ఎనిమిది నెలలు. షెడ్డును ఊర్మిల నడుపుతోంది. వికాస్‌కు బచేలి గనిలో ఒక కాంట్రాక్టరు కింద పని దొరికింది. వారానికి ఆరు రోజులు కన్వేయరు బెల్టు చప్పుడు, ఏడో రోజు నిద్ర. ఎర్రబోరు వైపు మళ్ళీ పోలేదు. పోవాలని అనుకోని ఆదివారం లేదు.

ఆఖరిసారి పోయింది మార్చిలో, ఆర్డరు కాగితం పట్టుకుని. పొద్దు పొడవకముందే ఆడవాళ్ళంతా ఇప్పచెట్ల కింద ఉన్నారు. రాలిన పూలు నేల నిండా పసుపుగా, మెత్తగా పడి ఉన్నాయి. అడుగు వేస్తే తియ్యటి వాసన. లక్మే బుట్టలోకి ఏరుతూ అతను చదివింది విన్నది. తన పేరు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించమంది. చూపిస్తే ఆ చోటును తడిమి చూసింది. తర్వాత నెలకు రెండు వందలంటే ఎన్ని అని అడిగింది. వికాస్ చెప్పాడు. ఆమె ఏరడం ఆపి, చాలాసేపు లెక్క వేసుకుని, మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"గన్ని నేను తాగలేను బాబూ. సచ్చిపోత."

తాగక్కర్లేదు, ఇప్పుడది వ్యాపారం పెద్దమ్మా అన్నాడు. అవునంది. అమ్ముడు ఊర్మిల చూసుకుంటది, ఆమెకు వచ్చు, నాకు ఇచ్చుడే వచ్చు అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వికాస్ ఆమె ముఖం వెతికాడు, కనబడలేదు. ఆమె మళ్ళీ వంగి పూలు ఏరసాగింది. అతను బండి స్టార్టు చేశాక, బుట్ట చంకన పెట్టుకుని దగ్గరికి వచ్చింది.

"నాలుగో సీసా తాగినామెను ఒకపారి తీసుకరా. ఎండలు ముదరకముందే రమ్మను. ఈడ కూసోని తాగెటందుకు కాయితం అక్కర్లేదు గదా?"